కరెంటు చాట: మిరప విత్తనం మీద విద్యుత్ క్షేత్రం – ఒక కేస్ స్టడీ

మే చివరి వారంలో చేవెళ్ల దగ్గర కూరగాయల నారు పెంచే నర్సరీ నడిపే అన్న ఒకాయన గుడ్డ సంచి పట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చాడు. రాజేంద్రనగర్‌లో మాది చిన్న విత్తన పరీక్ష ల్యాబ్. రెండు జర్మినేటర్లు (గింజల్ని మొలకెత్తించే పెట్టెలు), తేమ చూసే ఓవెన్, గాలితో తాలు ఊదేసే ఒక సీడ్ బ్లోయర్, నాతో కలిపి ముగ్గురం. సంచిలో ఉన్నది నాటు మిరప విత్తనం, రెండేళ్ల నాటిది.

"మేడం, మా అమ్మ తీసి పెట్టిన ఇత్తనం ఇది. పోయినేడు మంచిగనే మొలిసింది. ఈయేడు నూరు ఏస్తే అరవై గూడ రావట్లే. కరెంటు మిషిన్ల పెడితే లేస్తయంట గదా, జర చూడుండ్రి" అన్నాడు.

అంతకు వారం ముందు ఎవరో అమ్మకందారు ఆయనకు డెమో చూపించాడట. రెండు ట్రేలు పక్కపక్కన పెట్టాడట. ఒకదాంట్లో మామూలు విత్తనం, రెండోదాంట్లో మిషన్‌లో పెట్టి తీసిన విత్తనం. తేడా కంటికే కనిపించిందట. మిషన్ ధర విన్నాక మాత్రం ఒకసారి ఎవరినైనా అడుగుదామని ఆగాడు.

ఆయన బాధ నాకు తెలుసు. నారు పోసే ప్లాస్టిక్ ప్రోట్రేలో 98 గుంటలుంటాయి. అందులో నలభై ఖాళీగా మిగిలితే కోకోపీట్ ఖర్చు, నీళ్ల ఖర్చు, షేడ్‌నెట్ కింద చోటు అన్నీ దండగే. కూలికి మనుషుల్ని పెట్టి ఖాళీలు పూరించినా, ఆ మొక్కలు వారం వెనకబడతాయి. అప్పుడు నారు కొనే రైతు ట్రే ఎత్తి చూసి పక్కకు పెట్టేస్తాడు. పైగా మిరపకు మన విత్తన ధ్రువీకరణ ప్రమాణం పెట్టిన కనీస మొలక శాతమే 60. టమాటాకు 70, వరికి 80. మిరప అసలే బద్ధకంగా లేచే విత్తనమని ప్రమాణమే ఒప్పుకుంది. ఆయన సంచి ఆ గీతకు కాస్త కిందకు జారింది.

చేసి చూద్దామన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. విద్యుత్ క్షేత్రం గురించి చాలా చదివాను కానీ, నా చేతులతో ఎప్పుడూ చేయలేదు.

పాత సంగతే

ఈ ఆలోచనకు రెండున్నర శతాబ్దాల పైబడిన వయసుంది. 18వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో ఆబే నొల్లె విద్యుదావేశం ఇచ్చిన విత్తనాలు తొందరగా మొలుస్తున్నాయని రాశాడు. 1783లో బెర్తొలాన్ దాని మీద ఒక పుస్తకమే వేశాడు. 19వ శతాబ్దం చివర్లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త సెలిమ్ లెమ్‌స్ట్రోమ్ పొలాల మీద తీగలు కట్టి పైరు పెరుగుదల చూశాడు. బ్రిటన్ ప్రభుత్వం 1918లో దీనికోసం ఒక కమిటీ వేసి, 1936 దాకా నడిపింది. ఒక ఏడు వచ్చిన ఫలితం మరో ఏడు రాక, చివరికి మూసేసింది. 2000 సంవత్సరంలో కొరియాలో టమాటా విత్తనానికి సెంటీమీటరుకు 4 నుంచి 12 కిలోవోల్టుల ఏసీ క్షేత్రం ఒక నిమిషం లోపు ఇస్తే మొలక వేగం పెరిగిందని, అంతకు మించి ఇస్తే తగ్గిందని తేల్చారు. మొలకలు వేగంగా వచ్చాయన్నది చాలా ప్రయోగాల్లో కనిపిస్తుంది. మొత్తం మొలక శాతం పెరిగిందా అన్న దగ్గరే ఒకరికీ ఇంకొకరికీ పొసగదు. ఈ రెండూ వేర్వేరు సంగతులని ఆ రోజుకి నేనూ గట్టిగా పట్టించుకోలేదు.

కరెంటు పెట్టడమంటే గింజలోంచి కరెంటు పారించడం కాదు. రెండు లోహపు ప్లేట్ల మధ్య ఎక్కువ వోల్టేజీ తేడా పెట్టి, ఆ సందులో గింజను ఉంచడం. గింజలోంచి పారే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. క్షేత్రం వల్ల గింజ పొర గుణం మారి నీళ్లు తొందరగా పీలుస్తుందని, లోపలి ఎంజైములు ముందే మేలుకుంటాయని వివరణలు ఉన్నాయి. వోల్టేజీ బాగా పెంచితే గాలే చిట్లి కరోనా డిశ్చార్జ్ మొదలవుతుంది, ఓజోన్ పుడుతుంది. అప్పుడు గింజ మీద పని చేసేది క్షేత్రం ఒక్కటే కాదు.

పెట్టె

అల్యూమినియం ప్లేట్లు బాలానగర్‌లో కోయించాం. ఒక్కోటి అడుగు పొడవు, అడుగు వెడల్పు. అంచులన్నీ గుండ్రంగా అరగదీయించాను, ఎందుకంటే వాడి అంచు ఉన్నచోటే కరోనా మొదలవుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో హై వోల్టేజీ డీసీ మాడ్యూల్, రెసిస్టర్లు దొరికాయి. రెండు ప్లేట్ల మధ్య నాలుగు మూలలా 4 సెంటీమీటర్ల యాక్రిలిక్ కాళ్లు పెట్టాం. కింది ప్లేటు ఎర్త్‌కి, పై ప్లేటు మాడ్యూల్‌కి కలిపాం. 16 కిలోవోల్టులు ఇస్తే సందులో సెంటీమీటరుకు 4 కిలోవోల్టులు. మామూలు మల్టీమీటరుతో దీన్ని కొలవబోతే మీటరు పోతుంది, మనిషికీ ప్రమాదం. వెయ్యో వంతుకు తగ్గించి చూపే హై వోల్టేజీ ప్రోబ్ అరువు తెచ్చుకున్నాం.

చేసి చూడాలనుకునే వాళ్లకు ఇక్కడో మాట చెప్పాలి. మాడ్యూల్ ఇచ్చే కరెంటు ఒక మిల్లీ ఆంపియర్ లోపే ఉండాలి. స్విచ్ ఆపాక కూడా ప్లేటులో ఛార్జ్ మిగిలి ఉంటుంది. ఎర్త్‌కి కట్టిన కర్రతో పై ప్లేటును తాకించాకే చెయ్యి పెట్టాలి. ఎర్త్ గుంత సరిగ్గా లేని ఇంట్లో ఈ పని వద్దే వద్దు.

గింజల్ని ప్లాస్టిక్ డిష్‌లో పోసి పెట్టకూడదని మొదటి రోజే తెలిసింది. డీసీ క్షేత్రంలో ప్లాస్టిక్ మీద ఛార్జ్ పేరుకుని, క్షేత్రాన్ని గింజ దాకా పూర్తిగా చేరనివ్వదు. నేరుగా కింది ప్లేటు మీదే ఒక వరుసగా పరిచాం. ఆ ఒక్క నిర్ణయమే మమ్మల్ని మొదట దారి తప్పించింది, తర్వాత అసలు సంగతి చెప్పింది కూడా అదే.

మొదటి ప్రయోగం

200 గింజలు ప్లేటు మీద పరిచి, సెంటీమీటరుకు 4 కిలోవోల్టుల క్షేత్రంలో పది నిమిషాలు ఉంచాం. తర్వాత ప్లేటు మీంచి నూరు గింజలు తీసి తడి పేపరు మీద పెట్టాం. అదే సంచిలోంచి నేరుగా తీసిన ఇంకో నూరు పక్కన పెట్టాం. జర్మినేటర్‌లో 20 డిగ్రీలు 16 గంటలు, 30 డిగ్రీలు 8 గంటలు. మిరపకు మొదటి లెక్క ఏడో రోజు, ఆఖరి లెక్క పద్నాలుగో రోజు.

ఆఖరి రోజు లెక్క: నేరుగా తీసినవి 57, క్షేత్రంలో పెట్టినవి 71.

మా టెక్నీషియన్ అబ్బాయి మొహం వెలిగిపోయింది. నర్సరీ అన్నకి ఫోన్ చేద్దామా మేడం అన్నాడు. ఒక్క పూట ఆగమన్నాను. మాకు ఇస్టా (అంతర్జాతీయ విత్తన పరీక్ష సంఘం) నియమాల్లో ఒక పట్టిక ఉంటుంది. ఒకే లాట్‌లోంచి నాలుగు నూర్లు తీసి మొలకెత్తిస్తే, వాటి మధ్య ఎంత తేడా కేవలం అదృష్టం కొద్దీ రావచ్చో అందులో ఉంటుంది. సగటు 64 దగ్గర ఆ తేడా 19 దాకా ఒప్పు. అంటే ఏ ట్రీట్‌మెంటూ లేకుండానే ఒక నూరులో 57, ఇంకో నూరులో 71 రావడం వింతేమీ కాదు. మనం డెమోల్లో చూసే ట్రేల జంటలు కూడా ఈ 19 లోపలే ఉండవచ్చు. నర్సరీ అన్న చూసినవి ఎంత తేడాలో ఉన్నాయో నాకు తెలియదు. ఒక్కొక్క ట్రే మాత్రమే చూశాడన్నది తెలుసు.

సరే, నాలుగేసి నూర్లతో మళ్లీ చేద్దామని కూర్చున్నాం. ఈసారి నేనే ప్లేటు ముందు కూర్చున్నాను.

వోల్టేజీ పెంచుతుంటే 12 కిలోవోల్టుల దాకా ఏమీ లేదు. ఆ పైన ఒక గింజ కదిలింది. మిరప గింజ బిళ్లలా పల్చగా ఉంటుంది కదా, అది పడుకున్నది లేచి అంచు మీద నిలబడింది. దాని పక్కనే ఇంకోటి నిలబడింది. 16కి చేరేసరికి నిలబడ్డవి ఒక్కసారి పైకెగిరి, పై ప్లేటుకి తగిలి టిక్కుమని కిందపడ్డాయి, మళ్లీ ఎగిరాయి. పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టే. ఒకటి అలా ఎగురుతూ ఎగురుతూ అంచు దాకా వచ్చి బల్ల మీద పడింది.

"పోయినసారి కూడా పడ్డాయా?" అని అడిగాను.

"పడ్డాయి మేడం. కిందపడ్డవి మళ్లీ ప్లేటు మీద వేస్తే లెక్క తప్పుతుందని పక్కన కవర్లో వేశాను."

ఆ అబ్బాయి జాగ్రత్త వల్ల మాకు దారి దొరికింది. వాటిని చెత్తబుట్టలో వేసి ఉంటే, ఈరోజు నేను ఈ కేసు వేరేగా రాసేదాన్ని. కవర్లో సరిగ్గా 60 గింజలున్నాయి. వాటిని మొలకకు పెట్టాం. పద్నాలుగో రోజుకి 16 మొలిచాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ప్లేటు మీద మిగిలినవి 140. అందులో నూటికి 71 మొలిచాయంటే 140కి సుమారు 99. ఎగిరిపోయిన వాటిలో 16. మొత్తం 200లో 115, అంటే 57న్నర శాతం. నేరుగా సంచిలోంచి తీసిన నూరులో మొలిచింది 57.

క్షేత్రం ఒక్క గింజనూ అదనంగా మొలకెత్తించలేదు. తాలును ఏరి పారేసింది, అంతే.

ఎందుకు ఎగిరాయి

ఈ భాగం నాకు ఈ కేసు మొత్తంలో ఎక్కువ ఇష్టమైనది, కాస్త ఓపిగ్గా చెబుతాను.

గింజ పొడిగా ఉన్నా, అందులో ఏడెనిమిది శాతం తేమ ఉంటుంది. లోహాన్ని తాకి ఉన్న గింజకి ఆ ప్లేటు నుంచి ఛార్జ్ ఎక్కడానికి ఆ తేమ చాలు. ఎదురు ఛార్జ్ ఉన్న పై ప్లేటు దాన్ని లాగుతుంది. పైకి వెళ్లి తాకగానే ఛార్జ్ మారిపోతుంది, మళ్లీ కిందకు నెడుతుంది. ఈ లాగుడు వోల్టేజీకి వర్గంలో పెరుగుతుంది. వోల్టేజీ రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. మిరప గింజ బరువు సుమారు 5 మిల్లీగ్రాములు. గింజను గుండ్రంగా అనుకుని లెక్కేస్తే, సెంటీమీటరుకు 4 కిలోవోల్టుల దగ్గర లాగుడూ బరువూ దాదాపు సమానమవుతాయి. 2 కిలోవోల్టుల దగ్గర లాగుడు బరువులో పావు వంతుకి పడిపోతుంది, గింజ కదలదు.

లాగుడు గింజ పైతలాన్ని బట్టి ఉంటుంది, బరువు లోపలి పప్పును బట్టి ఉంటుంది. పైకి ఒకేలా కనిపించే రెండు గింజల్లో లోపల డొల్లగా ఉన్నది ముందు ఎగురుతుంది. చిన్నవీ, ముడుచుకుపోయినవీ దాని వెంట ఎగురుతాయి. నిండు గింజ ప్లేటుని అంటుకుని ఉంటుంది. మన అమ్మలు చాటతో గాలివాటం చూసి తూర్పారబట్టేది కూడా ఈ సూత్రం మీదే: గాలి గింజ పైతలాన్ని తోస్తుంది, బరువు కిందకు లాగుతుంది. అక్కడ గాలి చేసే పని ఇక్కడ క్షేత్రం చేసింది. విత్తనాలను, ఖనిజాలను ఇలా వేరుచేసే ఎలక్ట్రోస్టాటిక్ సెపరేటర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ సంగతి తెలిసి కూడా, మొలక ప్రయోగంలో అదే జరుగుతుందని నాకు తట్టలేదు.

రెండో ప్రయోగం

ఇక తాలు గొడవ లేకుండా చేయాలి. సంచిలోంచి కావలసినంత విత్తనం తీసి, ముందే బ్లోయర్‌లో వేసి తాలు తీసేశాం. అందులోంచి ఒక నూరు గింజల్ని నానబెట్టి, కోసి, టెట్రజోలియం ద్రావణంలో వేశాం. ప్రాణం ఉన్న పిండం ఎర్రబడుతుంది, చచ్చినది తెల్లగానే ఉంటుంది. 73 ఎర్రబడ్డాయి. ఈ విత్తనంతో ఎవరు ఏం చేసినా పైకప్పు దాదాపు అక్కడే అని అప్పుడే తెలిసింది. మిగిలిన 27 చచ్చిన గింజలు, వాటికి మందు లేదు.

మూడు గుంపులు చేశాం, ఒక్కో గుంపులో నాలుగు నూర్లు. మొదటి దానికి సెంటీమీటరుకు 2 కిలోవోల్టులు, పది నిమిషాలు. ఒక్క గింజా కదల్లేదు. రెండోదానికి ఉత్తుత్తి ట్రీట్‌మెంట్: అదే ప్లేటు, అదే పది నిమిషాలు, స్విచ్ మాత్రం వేయలేదు. మొదటి ప్రయోగంలో ఇది లేకపోవడం నా తప్పు. మూడో గుంపును రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి, పొద్దున నీడలో పాత బరువుకి వచ్చేదాకా ఆరబెట్టాం. దీన్నే హైడ్రో ప్రైమింగ్ అంటారు. వరి నానబోసి మండె కట్టే మన రైతుకి ఇందులో కొత్తేమీ లేదు, మళ్లీ ఆరబెట్టడం ఒక్కటే తేడా.

పేపర్ల మీద గుంపు పేరు రాయకుండా నంబర్లు మాత్రమే వేశాం. ఏ నంబరు ఏ గుంపో లెక్కపెట్టే అబ్బాయికి తెలియదు, జాబితా నా దగ్గరుంది. జర్మినేటర్‌లో పై అరకీ కింది అరకీ వేడి కాస్త తేడా ఉంటుంది కాబట్టి, రోజూ ట్రేల చోటు మార్చాం. అప్పటికే వానలు మొదలవడంతో ఇంకో చిక్కు వచ్చింది. గాలిలో తేమ పెరిగి, దుమ్ము పట్టిన యాక్రిలిక్ కాళ్ల మీదుగా కరెంటు కారిపోయి వోల్టేజీ నిలవలేదు. ప్రతిసారీ స్పిరిట్‌తో తుడిచి, ప్రోబ్‌తో చూశాకే గింజలు పెట్టాం. ఓజోన్ వాసన ఏ పూటా రాలేదు, అంటే కరోనా లేనట్టే.

ఆఖరి మొలక: ఉత్తుత్తి గుంపు 69, క్షేత్రం 71, నానబెట్టినవి 72. నాలుగేసి నూర్ల మీద రెండు గుంపుల మధ్య సుమారు 7 శాతం తేడా ఉంటే తప్ప నేను తేడా ఉందని నమ్మను. ఇక్కడ మూడూ ఒక్కటే.

వేగంలో మాత్రం తేడా వచ్చింది. వేరు మొన బయటపడ్డ గింజల్ని రోజుకి రెండుసార్లు లెక్కపెట్టాం. గుంపులో సగం గింజలకు మొన రావడానికి ఉత్తుత్తి గుంపుకి ఆరో రోజు సాయంత్రం అయింది, క్షేత్రం గుంపుకి ఐదో రోజు సాయంత్రం. నాలుగు నూర్లలోనూ అదే వరుస. ఇది అదృష్టం అనలేను. క్షేత్రం పని చేస్తోంది, బతికున్న గింజను ఒక రోజు ముందు లేపుతోంది. నాకు ఇది చిన్న సంగతి కాదు. 2 కిలోవోల్టుల క్షేత్రం, పది నిమిషాలు, అంతలో గింజ ఆ సంగతి ఎలా గుర్తుపెట్టుకుంటుందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

కానీ నానబెట్టిన గుంపులో సగం గింజలకు నాలుగో రోజు పొద్దునకే మొన వచ్చింది.

మూడు గుంపుల మొలకల్నీ నర్సరీలో ప్రోట్రేల్లోకి పంపాం. పది రోజుల మొక్క దగ్గర నానబెట్టినవి ముందు, క్షేత్రం తర్వాత, ఉత్తుత్తివి ఆఖరున. స్కేలు పెట్టనక్కర్లేదు, ట్రే పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. నెల దాటేసరికి మొదటి రెండింటినీ విడదీయలేకపోయాం. నాటే వయసుకి, అంటే ముప్పై ఐదో రోజు దాటాక, మూడూ కలిసిపోయాయి.

నర్సరీ అన్నకి చెప్పింది

ఆయన మళ్లీ వచ్చినప్పుడు కవరు, కాగితాలు అన్నీ ముందు పెట్టి చూపించాను. ఎగిరిన 60 గింజల కథ విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అమ్మ ఉన్నప్పుడు ఇత్తనం చాటల చెరిగే పెట్టేది మేడం. నేనే ఈ రెండేండ్లు చెరగలే" అన్నాడు.

మిషన్ కొనొద్దని గట్టిగానే చెప్పాను. విద్యుత్ క్షేత్రం అబద్ధం అని కాదు. ఆయనకు కావలసింది ట్రేలో ఖాళీ గుంటలు తగ్గడం. దానికి తాలు పోవాలి, అది చాటతోనో చిన్న బ్లోయర్‌తోనో పోతుంది. మొలక ఒక రోజు ముందు రావాలంటే రాత్రి నానబెట్టడం చాలు. ఈ సంచిలో చచ్చినవి చచ్చినవే, వాటికోసం ఒక్కో గుంటలో రెండేసి గింజలు వేయడం తప్ప దారి లేదు. వచ్చే ఏటి విత్తనాన్ని బాగా ఆరబెట్టి, తేమ 6 శాతం లోపుకి తెచ్చి, గాలి చొరని డబ్బాలో పెట్టమన్నాను. గుడ్డ సంచిలో రెండు వానాకాలాలు గడిపిన మిరప విత్తనం నుంచి ఇంతకంటే ఆశించకూడదు.

క్షేత్రాన్ని పొడి గింజకే ఇవ్వచ్చు, మళ్లీ ఆరబెట్టే పని ఉండదు. క్వింటాళ్ల కొద్దీ విత్తనం తయారుచేసే కంపెనీకి ఆరబెట్టే ఖర్చు పెద్దది, వాళ్లకు ఈ లెక్క వేరేగా తేలవచ్చు. ఎవరైనా ఆ లెక్క వేస్తే, తాలు తీసిన విత్తనంతో, ఉత్తుత్తి గుంపు పెట్టి, కనీసం నాలుగు నూర్లతో వేయమని అడుగుతాను. ఎగిరిపడిన గింజల్ని కూడా లెక్కపెట్టమంటాను.

పెట్టె ఇప్పుడు మా బల్ల మీదే ఉంది. వచ్చే నెల ఉల్లి విత్తనంతో చేయాలి. ఉల్లి గింజ మిరప కంటే తేలిక, మూడు పలకలుగా ఉంటుంది. ఏ వోల్టేజీ దగ్గర ఎగురుతుందో ముందు అది చూసుకుని, దానికి సగంతో మొదలుపెడతాం.